ఆ భిక్షువు ఇంకా శ్మశానంలోనే ఉన్నాడు

ఏదైనా రాసి చాలా రోజులైంది. రిలీజు, దాని వెనకాలే ప్రొడక్షన్ సమస్యలు... మామూలే. మొన్న కొల్లాపూర్ వెళ్ళినప్పుడు మా తాత ట్రంకుపెట్టె సర్దుతుంటే బైండు చేయించిన పాత చందమామలు బయటపడ్డాయి. ఇంకేముంది, పెట్టె సర్దిందీ లేదు, అమ్మ చేత తిట్లు తప్పిందీ లేదు :)

చిన్నప్పుడు బేతాళ కథలు చదువుతుంటే నాకు ఒకటే డౌటు. రాజు శవాన్ని మోసుకెళ్తున్నాడు, సరే. తెమ్మన్న ఆ భిక్షువు సంగతేంటి? "తాతా, గా సన్నాసి ఏమైండు?" అని అడిగితే, "ఆడనే కూసున్నడు బిడ్డా, శవం ఇంకా రాలేదు గద" అనేవాడు.

నిజానికి అసలు కథలో దీనికి జవాబుంది. 11వ శతాబ్దపు కాశ్మీరు కవి సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఆ భిక్షువు పేరు క్షాంతిశీలుడు. చివర్లో రాజునే బలివ్వబోతాడు. బేతాళుడు ముందే హెచ్చరించడంతో రాజే వాడి తల నరుకుతాడు. చందమామ వాళ్ళు మాత్రం పాత కథలు అయిపోయాక కొత్తవి కల్పించి దశాబ్దాల పాటు నడిపారు. భిక్షువు కథ తేలిస్తే శీర్షికే అయిపోతుంది మరి! కత్తి పట్టి, శవాన్ని భుజాన వేసుకున్న ఆ రాజు బొమ్మ గీసిన శంకర్ గారు 2020లో పోయారు. అంతకు కొన్నేళ్ళ ముందే పత్రికా ఆగిపోయింది. నేను చదివినంతలో భిక్షువు మాత్రం ఎదురుచూస్తూనే ఉన్నాడు.

అమెరికన్ కామిక్సులోనూ ఇదే తంతు. క్రిస్ క్లేర్‌మాంట్ 1975 నుంచి 1991 దాకా ఎక్స్-మెన్ రాశాడు. ఎక్కడపడితే అక్కడ చిన్న పాత్రలకి ముడులు వేసి, కొన్ని ఏళ్ళ తర్వాత విప్పేవాడు, కొన్ని అలాగే వదిలేసేవాడు. స్పైడర్‌మాన్‌లో జరిగింది ఇంకా ఘోరం. 1983లో రోజర్ స్టెర్న్ హాబ్‌గాబ్లిన్ అనే ముసుగు విలన్‌ని తెచ్చి, వాడెవడో చెప్పకుండానే ఆ పుస్తకం వదిలి వెళ్ళిపోయాడు. తర్వాత వాళ్ళలో వాళ్ళకి పొసగక, 1987లో నెడ్ లీడ్స్ అనే విలేకరి మీదకి తోసేశారు. తమాషా ఏంటంటే అప్పటికే అతన్ని వేరే కథలో చంపేశారు! పాపం, ఎప్పటినుంచో ఉన్న సైడు పాత్ర, పైగా హీరో స్నేహితురాలి మొగుడు. చచ్చినవాడు కాదనలేడు కదా. స్టెర్న్ మళ్ళీ వచ్చి అసలు వాడు రోడరిక్ కింగ్‌స్లీ అని తేల్చేసరికి 1997 అయింది.

ఇది చదివితే నాకు మన ఆఫీసులే గుర్తొచ్చాయి. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ రెండు మీటింగుల్లో ముగించి వెళ్ళిపోయే సీనియరు, అర్థం కాని టికెట్లన్నీ ఒక్క దెబ్బకి క్లోజ్ చేసేసే కొత్త లీడు. ఆ తర్వాత అర్ధరాత్రి ఫోన్ మోగేది మనకి.

మరి మంచి హ్యాండోవరు లేదా అంటే ఉంది, మన దగ్గరే. నన్నయ భారతాన్ని అరణ్యపర్వం మధ్యలో ఆపాడు. తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిన ముక్కని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. పూరించి, తన పేరు ముందుకి తోసుకోకుండా, నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రుడికి అంకితమిచ్చాడు. రాజు పోయి అప్పటికి రెండు శతాబ్దాలు దాటింది! పాత కోడ్ మీద అంత గౌరవమున్న డెవలపర్‌ని నేనింతవరకు చూడలేదు.

"సైడు క్యారెక్టర్లకి ఇంత సీనెందుకు బాస్, ఎవడికి గుర్తుంటుంది?" అంటాడు మా రూమ్మేట్. నిజమే, ప్రతి ముడీ విప్పక్కర్లేదు. జీవితంలోనూ అన్నీ తేలవు. కానీ తేల్చకపోవడం వేరు, మర్చిపోవడం వేరు. మర్చిపోయి ఎవడో ఒకడి మీద రుద్దెయ్యడం మరీ అన్యాయం. నా లెక్కలో బేతాళ కథలు మోసం కాదు. భిక్షువు గురించి ఏమీ తేల్చలేదు గానీ, రాజు ఎక్కడికి పోతున్నాడో ఎప్పుడూ మర్చిపోనివ్వలేదు.

మా తాతకి చిన్ననాటి దోస్తు ఒకాయన ఉండేవాడట. 1980ల మొదట్లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు వచ్చినప్పుడు ఆయన ఊరు మునిగింది. ఇల్లు సర్దుకుని ఎటో వెళ్ళిపోయాడు, మళ్ళీ కబురు లేదు. సోమశిలకి పోయినప్పుడల్లా తాత పుట్టి నడిపేవాళ్ళని పట్టుకుని ఆయన పేరు చెప్పి అడిగేవాడు. ఎవరికీ తెలిసేది కాదు. అయినా మళ్ళీసారి అడిగేవాడు. నాకేమో ఆకలేస్తుండేది, విసుక్కునేవాణ్ణి.

తాత పోయి నాలుగేళ్ళు. మొన్న సోమశిలకి వెళ్ళాను. పుట్టి దగ్గర నిలబడి అడుగుదామనుకుంటే ఆయన ఇంటిపేరు గుర్తు రాలేదు. అమ్మనడిగితే తనకీ తెలియదంది. చందమామ అట్టల లోపలేమైనా రాసిపెట్టాడేమో అని పెట్టె మొత్తం మళ్ళీ వెతికాను. లేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరినైనా ఇలా తలుచుకుంటూ ఉంటే ఆ పేరూ ఊరూ ఇవాళే రాసిపెట్టుకోండి. తర్వాత అడగడానికి ఉండరు.