పైన సోలార్, కింద సెల్లార్లు

హైదరాబాద్ పడమటి వైపు లేస్తున్న టవర్ల బ్రోచర్లు తిరగేయండి, పచ్చటి ఆకు బొమ్మ కనిపించకపోతే అడగండి. పైన సోలార్ పలకలు, కారిడార్లలో ఎల్‌ఈడీలు, మూలన ఇంకుడు గుంత. ఇల్లు ‘గ్రీన్’ అయిపోయింది! కార్ల కోసం బండరాయిని పేల్చి దింపిన సెల్లార్ల ఊసు మాత్రం ఆ పేజీలో ఉండదు.

వాటికి పోసే సిమెంటుకు మూలమైన క్లింకర్ టన్ను తయారైతే 800 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అందులో సగానికి మించినది బొగ్గు పొగ కాదు, సున్నపురాయి విడిపోతూ వదిలేది. కొలిమిని ఎంత శుభ్రమైన కరెంటుతో నడిపినా అది ఆగదు. గృహప్రవేశానికి ముందే అదంతా గాలిలో కలిసిపోతుంది.

‘యాభై ఏళ్లు ఏసీలు తిరిగే ఇంట్లో కట్టుబడి కార్బన్ ఏపాటిది?’ అంటారు. గ్రిడ్‌లో సోలార్, గాలి కరెంటు పెరిగేకొద్దీ ఏసీ వాటా తగ్గుతుంది. పోసిన కాంక్రీటుది తగ్గదు.

అసలు తగువు ఈ కట్టుబడి కార్బన్ లెక్క ఎప్పుడు వేయాలన్నదే. స్ట్రక్చరల్ ఇంజినీరు చేతికి ప్లాను వచ్చేసరికి అన్నీ ఖరారైపోయి ఉంటాయి. ఫ్లాటుకు రెండు కార్లు, హాల్లో పిల్లర్ కనపడకూడదు, బాల్కనీ ఇంకాస్త ముందుకు రావాలి, ఆపైన వాస్తు. కింద కార్లకు వీలైన చోట పిల్లర్లు వస్తాయి, పైన గదుల గోడలు ఇంకోచోట వస్తాయి. ఆ రెంటికీ పొత్తు కుదర్చడానికి మధ్యలో భారీ దూలాలు. పిల్లర్ల మధ్య దూరం (స్పాన్) పెరిగితే స్లాబు మందం, ఇనుము రెండూ పెరుగుతాయి. అప్పుడు ‘కార్బన్ తగ్గించండి’ అంటే ఆ ఇంజినీరు చేయగలిగింది కడ్డీల్లో కాస్త పొదుపు.

సిమెంటు మారిస్తే చాలదా? మార్చాల్సిందే. బూడిద కలిపే పీపీసీ సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లైయాష్ ఉండొచ్చు, రామగుండం, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాల బూడిద మనకు దగ్గరే. కానీ దానికి మొదట్లో బలం నిదానంగా వస్తుంది, సెంట్రింగ్ ఇంకొన్నాళ్లు ఉంచాలి. ఆ గడువు ముందే లెక్కేసుకోకపోతే సైటులో తొందరకొద్దీ మళ్లీ 53 గ్రేడ్ మామూలు సిమెంటే దిగుతుంది. (53 అంటేనే గట్టిదన్న నమ్మకం సరేసరి.)

ఇళ్లలో ఇంధన పొదుపు కోసం తెచ్చిన 2018 నాటి ఎకో నివాస్ సంహిత తొలి భాగం గోడలు, కిటికీలు, పైకప్పు గుండా వచ్చే వేడిని కొలిచింది. మంచిదే. స్కెచ్ ఇంకా పెన్సిల్‌లో ఉండగానే చదరపు అడుగుకు ఎంత కాంక్రీటు, ఎంత ఇనుము అని కూడా ఆర్కిటెక్టును అడగాలి. ఈ లెక్క బిల్డర్లకు రానిది కాదు. ఖర్చు కోసం వాళ్లు వేసేదే, కాకపోతే ప్లాను ఖరారయ్యాక. రెండో కారు వద్దన్నవాళ్లకు ఆ మేరకు ధర తగ్గించి ఫ్లాటు అమ్మమనండి, సెల్లార్లు ఎన్ని మిగులుతాయో చూద్దాం.