వాసన వచ్చే పడవ రేవు దాటరాదు

గోదావరి లంక గ్రామాల ప్రజలకు పడవ విహారం కాదు, దారి. బడి పిల్లలు, పాల క్యానులు మోసుకుపోయే రైతులు, పురిటికి పోయే ఆడవారు అందరూ రేవు దాటవలసినవారే. ఇంజను పడవలో కాలు పెట్టగానే డీజిలు వాసన గుప్పుమంటే "ఇంజను అన్న తరువాత ఆ మాత్రం ఉండదా" అని సరిపెట్టుకోవడం జనానికి అలవాటైపోయింది.

ఈ అలవాటు ప్రాణాంతకం. చక్కగా ఉన్న ఇంజను నుంచి జనం కూర్చునే చోటికి నూనె వాసన రాకూడదు. వస్తున్నదంటే ఎక్కడో కారుతున్నదనే అర్థం. 2018 మే నెలలో దేవీపట్నం మండలం వీరవరపులంక వద్ద పాపికొండల యాత్రికుల బోటు మంటల్లో చిక్కుకున్నది. అదృష్టవశాత్తు యాత్రికులు ప్రాణాలతో బయటపడ్డారు. నిప్పు ఎలా పుట్టినా, అడుగున నూనె చేరి ఉన్న పడవలో అది ఆగదు. ఏటి నడుమ పరుగెత్తడానికి చోటు ఉండదు.

పెట్రోలు ఇంజను తగిలించిన చిన్న పడవలకు ప్రమాదం మరీ ఎక్కువ. పెట్రోలు ఆవిరి గాలికన్న మూడు, నాలుగు రెట్లు బరువు. అది పైకి పోక పడవ అడుగున పేరుకుంటుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్ళు కలిసినా ఒక్క నిప్పురవ్వ చాలు. డీజిలు అంత సులువుగా అంటుకోకపోయినా, కాలిన పొగగొట్టంపై చిందితే అదీ మండుతుంది.

వాసన ఎక్కడిదో కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు, ఓపిక కావాలి. ముందు ఇంజను ఆపి, జనాన్ని ఒడ్డుకు దింపి, బీడీలు, పొయ్యి ఆర్పించి, మూతలన్నీ తెరిచి గాలి ఆడనివ్వాలి. అడుగున చేరిన నీటిని డ్రమ్ములోకి తోడాలి. దానిని ఏటిలో పోయరాదు, ఆ నీరే లంకల వారు తాగేది. జిడ్డంతా గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. పాత మరకల మధ్య కొత్త కారుడు కనబడదు. అటు తరువాత టాంకు నుంచి ఇంజను దాకా గొట్టం వెంబడే పోతూ, ఒక్కొక్క జాయింటు కింద తెల్ల కాగితం పరచాలి. ఏ కాగితం తడిస్తే జబ్బు అక్కడ ఉన్నట్లు.

వాసన వచ్చే వేళ కూడా ఆనవాలు చెబుతుంది. నూనె పోసినప్పుడే వస్తే పోసే గొట్టాన్ని, టాంకు గాలి గొట్టాన్ని అనుమానించాలి. ఇంజను తిరిగేటప్పుడే వస్తే ఫిల్టరు, పంపు, ఇంజెక్టరు గొట్టాలు చూడాలి. ఇంజను ఆగి ఉన్నా వస్తూనే ఉంటే టాంకు అడుగు తుప్పు పట్టిందేమో చూడాలి. ఇంజను ఆయిలు పోయకుండానే కొలపుల్లపై మట్టం పెరిగితే, పంపులో నుంచి డీజిలు ఆయిలులోకి దిగుతున్నదన్న మాట. ఇంజను తిరుగుతుండగా ఇంజెక్టరు గొట్టాన్ని చేతితో తడమరాదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోనికి పోతుంది. పొగగొట్టం జాయింట్లు కూడా చూడాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. మూసిన కేబినులో తలనొప్పి, వాంతులు వస్తే ప్రయాణపు బడలిక అనుకోరాదు.

ఈ పనికి సగం రోజు చాలు. తెగిన రబ్బరు గొట్టానికి గుడ్డ చుట్టి, తీగ బిగించి మరో నెల నడిపే తీరు మానాలి. 2021 నాటి దేశీయ నౌకల చట్టం ఇంజను పడవలకు రిజిస్ట్రేషను, తనిఖీ విధించింది. తనిఖీ అంటే కాగితాలు, లైఫ్ జాకెట్ల లెక్కతో సరిపోదు. అధికారులు ఇంజను మూత ఎత్తించి అడుగు చూడాలి. రేవు పాట షరతులలోనూ ఈ మాట చేర్చవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

వాసన వస్తే సరంగును అడిగే హక్కు టిక్కెట్టు కొన్న ప్రతివారికీ ఉన్నది. అడిగినవారిని కసరక, పడవను ఒడ్డునే ఆపి చూసే సరంగుకు ఊరు అండగా నిలవాలి. ఒక పూట రేవు ఆగితే నష్టం కొంతే. నడి ఏట నిప్పు లేస్తే ఆ నష్టాన్ని పూడ్చగలవారు లేరు.