ప్రవణత సున్నా అయినంత మాత్రాన సరిపోదు

ఖమ్మం మిర్చి చేలు దాటి భద్రాచలం అడవుల అంచుకు చేరేసరికి నేల గుట్టలుగా, లోయలుగా మారుతుంది. ఒక లోయలోని గూడెం నుండి అవతలి లోయకు పోవలసిన మనిషి శిఖరమెక్కడు. రెండు గుట్టల నడుమ తగ్గుగా ఉన్న కనుమను వెతుక్కొంటాడు. రసాయన చర్య సాగే మార్గమూ ఇటువంటిదే.

అణువుల స్థితిజశక్తి తలంపై లోయ అడుగు స్థిరమైన అణువును, కనుమ సంక్రమణ స్థితిని సూచిస్తాయి. రెండు చోట్లా ప్రవణత సున్నాయే. రెండూ స్థిర బిందువులే. భేదమంతా వక్రతలో ఉంది. కంపనాలకు సంబంధించిన హెస్సియన్ మాత్రిక ఐగెన్ విలువలు లోయలో అన్నీ ధనాత్మకం. కనుమ వద్ద ఒక్కటి మాత్రమే ఋణాత్మకం.

లోయకు దిగడం సులభం. 1847లో కోషీ సూచించిన పద్ధతి నిటారు వాలు వెంట దింపుతుంది. 1970లో బ్రాయిడెన్, ఫ్లెచర్, గోల్డ్‌ఫార్బ్, షానో విడివిడిగా ప్రతిపాదించిన పద్ధతి, నడిచిన దారిని బట్టి వక్రతను అంచనా కట్టి త్వరగా గమ్యం చేరుస్తుంది. కనుమను పట్టడమే కష్టం. ఒక దిశలో ఎక్కుతూ తక్కిన దిశలన్నిటా దిగవలసి ఉంటుంది.

మిర్చిపై చల్లిన ఆర్గానోఫాస్ఫరస్ మందు జలవిశ్లేషణ వేగాన్ని ఒక విద్యార్థి గణించాడనుకొందాం. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉత్తేజన శక్తిలో మోలుకు 5.7 కిలోజౌళ్ల పొరపాటు దొర్లితే, వేగం అంచనా 10 రెట్లు తప్పుతుంది. కనుక కల్పిత పౌనఃపున్యం ఒక్కటే ఉన్నదని, ఆ కనుమ నుండి ఇరువైపులా దిగితే అభిక్రియాజనకాలు, ఉత్పన్నాలే వస్తున్నాయని చూపని సిద్ధాంత వ్యాసాన్ని అంగీకరించరాదని నా అభిప్రాయం. హెస్సియన్ గణనకు కాలం ఎక్కువ పడుతుందనే సాకు చెల్లదు.

ఈ లోపం క్షేత్ర పరిశోధనల్లోనూ చోటుచేసుకోవచ్చు. నత్రజని, భాస్వరం మోతాదులకు వర్గ సమీకరణం అమర్చి, స్థిర బిందువునే గరిష్ఠ దిగుబడి మోతాదుగా ప్రకటిస్తే, అది కనుమ కావచ్చు. పరీక్షించిన మోతాదుల పరిధికి వెలుపలే పడవచ్చు. ఆ సిఫారసును నమ్మి ఎరువు కొనేది రైతు.

గణన ఎంత శుద్ధమైనా అవశేష పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. మందు చల్లిన తరువాత ఎన్నాళ్లకు కాయ కోయాలో పొలమే తేల్చాలి. అయితే పొలంలో ఏ ప్రశ్న అడగాలో గణన చెప్పగలదు. ఆ మాట సరిగా చెప్పాలంటే, నిలిచిన చోటు లోయో కనుమో ముందుగా తెలుసుకోవాలి.