స్లైడర్ జరిపితే గురి కుదరదు

సంపాదకుల వారికి,

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కాబట్టి, పాత కంప్యూటర్లను మూలన పడేయకుండా లినక్స్‌కు మారమంటూ మీ సాంకేతిక శీర్షికలో వచ్చిన వ్యాసం చదివాను. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదన్న ఒక్క కారణంతో విండోస్ 11కు నోచుకోని మంచి కంప్యూటర్లు మన ఇళ్లలో చాలానే ఉన్నాయి. సలహా బాగుంది. స్టీమ్‌లో విండోస్ గేములను లినక్స్‌లో ఆడించే ప్రోటాన్ ఎలా పనిచేస్తుందో వివరించారు, వాలరెంట్ గేము లినక్స్‌లో నడవదని దాచకుండా చెప్పారు. నా అభ్యంతరమల్లా మౌస్ గురించి రాసిన ఒక్క వాక్యం మీదే. లినక్స్‌లో మౌస్ కదలిక తేడాగా అనిపిస్తే వేగం తగ్గించుకోవాలని, నాలుగు రోజుల్లో చేతికి అదే అలవాటవుతుందని రాశారు. గేములు ఆడేవాళ్లకు ఈ మాట మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

మీరే ఒకసారి చూడండి. మౌస్ పక్కన స్కేలు పెట్టండి. పాయింటర్‌ను తెర మధ్యలో ఏదైనా ఐకాన్ మీద ఉంచి, మౌస్‌ను 2 సెంటీమీటర్లు కుడివైపు చాలా నెమ్మదిగా జరపండి. అక్కడి నుంచి ఒక్క ఊపులో మొదటి గీత దగ్గరికి లాగేయండి. మౌస్ బయలుదేరిన చోటికే వచ్చింది. పాయింటర్ మాత్రం ఐకాన్‌ను దాటి ఎడమకు వెళ్లిపోయి ఉంటుంది. మౌస్ యాక్సెలరేషన్ అనేది చేసే పని ఇదే. మౌస్ ఎంత దూరం జరిగిందన్నదే కాదు, ఎంత విసురుగా జరిగిందన్నది కూడా లెక్కలోకి తీసుకుంటుంది. వేగం స్లైడర్‌ను ఎంత కిందికి దించినా ఈ లెక్క పోదు, మొత్తం నెమ్మదిస్తుందంతే.

షూటింగ్ గేములో వెనక అడుగుల చప్పుడు వినగానే గిర్రున తిరగాలి. మౌస్‌ప్యాడ్ మీద ఎంత దూరం లాగితే సరిగ్గా వెనక్కి తిరుగుతామో చేతికి గుర్తుంటుంది. ఆ గుర్తు మీదే గురి నిలబడుతుంది. యాక్సెలరేషన్ ఉంటే తాపీగా లాగినప్పుడు ఒక కోణం, కంగారులో లాగినప్పుడు మరో కోణం వస్తాయి. ఆటలో కంగారు లేని క్షణం ఎక్కడుంది? మా వీధిలో ఓ కుర్రాడు లినక్స్‌కు మారాక మౌసే పాడైందనుకుని ఇంట్లోవాళ్లను బతిమాలి కొత్తది కొనిపించుకున్నాడు. దాంతోనూ గురి తప్పింది. ఆ డబ్బు మిగిలేది, ఎవరైనా ముందే చెప్పి ఉంటే.

విండోస్‌లో "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" అనే టిక్కు ఎక్స్‌పీ కాలం నుంచీ, అంటే 2001 నుంచీ ఉంది. సిస్టమ్‌లో ముందే అది పెట్టి ఉంటుంది. ఆటగాళ్లు చేసే మొదటి పని దాన్ని తీసేసి, స్లైడర్‌ను 11 గీతల్లో 6వ దాని మీద ఉంచడం. లినక్స్‌కు మారినప్పుడు ఆ ఏర్పాటు వెంట రాదు. అక్కడ మౌస్‌ను చూసుకునే లిబ్‌ఇన్‌పుట్ మామూలుగా "అడాప్టివ్" పద్ధతిలో, అంటే యాక్సెలరేషన్‌తోనే మొదలవుతుంది. టిక్కు తీయకుండా ఆడినవాళ్లకైనా ఇబ్బందే, ఎందుకంటే రెండు సిస్టమ్‌ల లెక్కలు ఒకటి కావు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీబోర్డు ఏదని, టైమ్‌జోన్ ఏదని అడిగేవాళ్లు ఈ ఒక్క ప్రశ్న కూడా అడిగితే ఏం పోతుంది?

కొత్త షూటింగ్ గేములు చాలావరకు రా ఇన్‌పుట్‌తో మౌస్ కదలికను నేరుగా తీసుకుంటాయి, సిస్టమ్ సెట్టింగ్‌తో పనేముందని మీ వ్యాసకర్త అనవచ్చు. ఆ సౌకర్యం ఉన్నవాటికి నిజమే. లేని పాత గేముల మాటేమిటి? ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ లాంటి వ్యూహాల ఆటల్లోనైతే పాయింటర్‌తోనే సైన్యాన్ని నడపాలి.

యాక్సెలరేషన్ ఎవరికీ వద్దని నా వాదన కాదు. ఇరుకు బల్ల మీద పెద్ద తెర ముందు ఆఫీసు పని చేసేవారికి అది హాయి. టచ్‌ప్యాడ్‌కైతే ఉండాల్సిందే. మౌస్‌కు తీసేసినంత మాత్రాన టచ్‌ప్యాడ్‌కు పోదు కూడా.

కాబట్టి వచ్చే సంచికలో ఆ వాక్యానికి సవరణ వేయమని కోరుతున్నాను. లినక్స్ డెస్క్‌టాప్‌లలో గ్నోమ్ వాడేవారు సెట్టింగ్స్‌లో మౌస్ పేజీకి వెళ్లి "మౌస్ యాక్సెలరేషన్" స్విచ్ ఆపేయాలని, కేడీఈ వాడేవారు సిస్టమ్ సెట్టింగ్స్‌లోని మౌస్ పేజీలో పాయింటర్ యాక్సెలరేషన్ తీసేయాలని రాయండి. వేగం స్లైడర్‌ను సరిగ్గా మధ్యలో ఉంచి కదపవద్దని చెప్పండి. అప్పటికీ నెమ్మదిగా ఉందనిపిస్తే మౌస్ డీపీఐని 800 నుంచి 1600కు పెంచుకోవచ్చు, లేదా గేము లోపలి సెన్సిటివిటీ మార్చుకోవచ్చు. సెలవుల్లో పిల్లలు కొత్త సిస్టమ్ ఎక్కించుకునే లోపే ఇది అచ్చయితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హన్మకొండ