కంచె పీకే ముందు గొలుసు వేయండి

దాళ్వా కోతలు అయిపోయి వేసవి పనులు మొదలయ్యాయంటే కోనసీమ గ్రామాల్లోకి పొక్లెయిన్ దిగుతుంది. పుంతకు గ్రావెల్ వేయాలి, సీసీ రోడ్డు పోయాలి, బోదెలో పూడిక తీయాలి. మంచి పనులే. కానీ పని మొదలైన రోజు ఉదయం పది గంటలకల్లా పక్క తోట రైతు ఇరవై ఏళ్లుగా పెంచుకున్న కంచె వేళ్లతో సహా లేచి బోదెలో పడి ఉంటుంది. రైతు పరుగెత్తుకొచ్చి అడిగితే ఆపరేటరు కాంట్రాక్టరును చూపిస్తాడు. కాంట్రాక్టరు పంచాయతీ కార్యదర్శి పేరు చెబుతాడు. కార్యదర్శి సర్పంచ్ గారిని అడగమంటాడు. సర్పంచ్ గారు మాత్రం చాలా మర్యాదగా "ఊరి పని కదండీ, మీరే అడ్డం పడితే ఎలాగండీ" అంటారు. దాంతో మాట అక్కడితో ఆగిపోతుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఈ వరస తెలియని మెరక రైతు ఉండడు.

కంచే కదా, మళ్లీ వేసుకుంటాడులే అని ఆఫీసులో కూర్చున్నవారికి అనిపించవచ్చు. ఆ మాట తోట చేసేవాడు అనడు. కొబ్బరి మట్టలతో, సరుగుడు గుంజలతో కట్టిన దడి అయితే ఒక వారం కూలి, నాలుగు మోపుల మట్టలతో మళ్లీ నిలబడుతుంది. పచ్చి కంచె అలా కాదు. గ్లైరిసీడియా గానీ, గోరింట గానీ, వెదురు గానీ నాటింది మొదలు మేక దూరనంత ఒత్తుగా అల్లుకోవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈ మూడు నాలుగేళ్లూ తోటలో అంతర పంటగా వేసిన అరటి, కంద, పసుపు ఎవరి మేతకో పోతాయి. ఒకప్పుడు ప్రతి పెద్ద ఊళ్లోనూ బందెల దొడ్డి ఉండేది. పశువు చేలో పడితే తోలుకెళ్లి అందులో కట్టేయిస్తే పంచాయతీ జరిమానా వసూలు చేసేది. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ఇంకా పుస్తకాల్లో ఉంది, దొడ్లు మాత్రం చాలా ఊళ్లలో కనిపించవు. అంటే పశువును ఆపే దొడ్డి పోయింది, ఇప్పుడు కంచె కూడా పోతోంది. రెండూ పంచాయతీ ఖాతాలోవే.

చెట్లకు జరిగే నష్టం ఇంకొకటి ఉంది. ఇది వెంటనే కనిపించదు. కొబ్బరి వేళ్లలో ఎక్కువ భాగం మాను చుట్టూ రెండు మీటర్ల లోపే ఉంటాయి. కంచె పక్క వరస చెట్టు దగ్గర పొక్లెయిన్ బకెట్టు దించితే ఆ వేళ్లు తెగుతాయి. మానుకు బకెట్టు తగిలి పచ్చి గాయం పడితే ఎర్రముక్కు పురుగు ఆ వాసనకే వచ్చి గుడ్లు పెడుతుంది. మన తోటలను చాలాకాలంగా పీడిస్తున్న గానోడెర్మా తెగులు మట్టి ద్వారా, వేళ్ల ద్వారా వచ్చేది. తెగులు సోకిన చెట్టు చుట్టూ కందకం తవ్వి దాని మట్టిని వేరుచేయమని శాస్త్రవేత్తలు చెబుతుంటే, మనం ఒక తోట మట్టిని ఇంకో తోట గట్టు మీద పోగులు పెడుతున్నాం. రెండేళ్ల తరువాత చెట్టు వాలిపోతే అది రోడ్డు పని వల్లనే అని ఏ అధికారీ రాయడు.

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. గ్రామంలోని ప్రజా రహదారులు పంచాయతీకి దఖలు పడి ఉంటాయని 1994 పంచాయతీరాజ్ చట్టం చెబుతుంది. పుంతను కాపాడటం, ఆక్రమణ ఉంటే తొలగించడం పంచాయతీ అధికారమే కాదు, బాధ్యత కూడా. 2011లో జీవో 188 ద్వారా వచ్చిన గ్రామ పంచాయతీ ఆస్తుల పరిరక్షణ నిబంధనలు అందుకోసమే ఉన్నాయి. ఇందులో మనకు తగాదా లేదు. తగాదా అంతా ఆక్రమణ ఉందని ఎవరు తేల్చారు, ఎలా తేల్చారు అన్న దగ్గరే. ప్రభుత్వ భూమిలో ఆక్రమణదారును ఖాళీ చేయించడానికి తెల్లదొరలు తెచ్చిన 1905 భూ ఆక్రమణ చట్టం కూడా ముందు నోటీసు ఇచ్చి, జవాబు వినమంటుంది. వాళ్లు రైతు మీద ప్రేమతో రాసిన చట్టమేమీ కాదది.

ఈమధ్య సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లోని మహరాజ్‌గంజ్‌లో 2019లో రోడ్డు వెడల్పు పేరుతో ఒక ఇల్లు కూల్చారు. ఆ కేసులో 2024 నవంబరు 6న తీర్పు ఇస్తూ బాధితుడికి 25 లక్షల రూపాయలు చెల్లించమంది. రోడ్డు వెడల్పు చేసే ముందు ఏం చేయాలో కూడా వరుసగా రాసింది. రికార్డు ప్రకారం ఉన్న రోడ్డు వెడల్పు ఎంతో ముందు తేల్చాలి. ఆక్రమణ ఉందేమో సర్వే చేసి చూడాలి. ఉంటే నోటీసు ఇవ్వాలి. రైతు అభ్యంతరం చెబితే కారణాలు రాసి నిర్ణయం చేయాలి. అభ్యంతరం నిలబడకపోతే తొలగించుకోవడానికి తగిన గడువు ఇవ్వాలి. రికార్డులో ఉన్న వెడల్పు రోడ్డుకు చాలకపోతే, చట్టప్రకారం భూమి సేకరించాలి. ఈ తీర్పు ప్రతిని అన్ని రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులకూ పంపమంది. అది అమరావతి దాకా వచ్చే ఉంటుంది, మన గ్రామ సచివాలయం దాకా మనమే తీసుకెళ్లాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అదే నెల 13న వచ్చిన మరో తీర్పును, బుల్డోజర్ తీర్పు అని పేరుపడినదాన్ని, కొందరు మిత్రులు జేబులో పెట్టుకు తిరుగుతున్నారు. 15 రోజుల నోటీసు లేకుండా ఏదీ కూల్చకూడదని అది చెప్పింది నిజమే. అయితే రోడ్డు, వీధి వంటి ప్రజా స్థలంలో అనుమతి లేకుండా కట్టినవాటికి ఆ రక్షణ వర్తించదని కూడా అందులోనే ఉంది. పుంత తగాదాలో దాన్ని చూపిస్తే అవతలి వకీలు ఒక్క నిమిషంలో పక్కన పెడతాడు. మనకు పనికొచ్చేది 6వ తేదీ తీర్పు.

కొలత ఎక్కడ తప్పుతోందో చూడండి. పుంత వెడల్పు ఎఫ్‌ఎంబీ పటంలో లింకుల్లో ఉంటుంది. పాత గొలుసు 66 అడుగులు, దానికి 100 లింకులు. అంటే లింకు ఎనిమిది అంగుళాలకు కాస్త తక్కువ. పటంలో 30 లింకులు ఉంటే అది దాదాపు 20 అడుగుల పుంత. ఇంతవరకు గొడవ లేదు. గొడవ మధ్య గీత దగ్గర వస్తుంది. యాభై అరవై ఏళ్లలో బండ్లు, తరువాత ట్రాక్టర్లు మెత్తటి వైపు వదిలి గట్టి వైపు తిరిగాయి. ఒక పక్క బోదె కోసుకుపోయింది. ఇప్పుడున్న బాట పుంతకు ఒక పక్కకు జరిగి ఉంటుంది. ఇంజినీరింగ్ అసిస్టెంటు వచ్చి ఇప్పటి బాట మధ్యలో సున్నం గీత గీసి అటు పదడుగులు, ఇటు పదడుగులు కొలిస్తే, ఒక రైతు కంచె పోతుంది, ఎదుటి రైతు ఆక్రమణ మిగిలిపోతుంది. పోయేది 200 అడుగుల పొడవున మూడు అడుగుల వెడల్పే కావచ్చు. అది 600 చదరపు అడుగులు, సెంటు పైనే. కోనసీమలో సెంటు ధర ఎంతో నేను చెప్పనక్కరలేదు.

రీసర్వే జరిగిన గ్రామాల్లో ఇది ఇంకా సున్నితం. 2020 డిసెంబరులో మొదలైన ఆ రీసర్వేలో డ్రోను ఫొటోలో కనిపించే గట్టు, కంచె ఆధారంగానే చాలాచోట్ల హద్దులు గుర్తించారు. కాబట్టి కంచె అంటే మేకను ఆపే అడ్డు మాత్రమే కాదు, హద్దుకు సాక్ష్యం కూడా. కొత్త పటం మీద అభ్యంతరం ఇంకా తేలకుండానే కంచె పీకేస్తే సాక్ష్యాన్ని పీకేసినట్టే. అక్కడి నుంచి తగాదా పంచాయతీని వదిలి పక్క రైతుల మధ్యకు వస్తుంది. అన్నదమ్ముల మధ్యకు కూడా వస్తుంది.

ఇంతవరకు చదివిన సభ్యులు కొందరికి సంతోషంగా ఉండి ఉంటుంది. ఇక మిగిలిన మాట కూడా వినాలి. కోనసీమలో పుంతలు సన్నబడింది పంచాయతీల వల్ల కాదు, మన కంచెల వల్లనే. దడి మార్చిన ప్రతిసారీ అరడుగు ముందుకు జరపడం చాలా ఊళ్లలో అలవాటు. ఒకప్పుడు రెండు బండ్లు ఎదురైతే తప్పుకున్న పుంతలో ఇప్పుడు ఆటో తిరగని చోట్లున్నాయి. ఆ పుంత చివర ఎవరుంటారు? చాలాచోట్ల దళితపేట ఉంటుంది, లేదా శ్మశానం ఉంటుంది. వానాకాలంలో పాడె మోసేవాళ్లు బోదెలో దిగి నడిచే ఊరు ఈ ప్రాంతంలో ఒక్కటీ లేదని ఎవరైనా ధైర్యంగా చెప్పగలరా? అలాంటి చోట పుంత మీదికి జరిపిన కంచెకు సంఘం జెండా పట్టుకుని నిలబడితే మన కూలీలు, మన దింపు కార్మికులు, మన కౌలు రైతులు మన ముఖం చూడరు. చూడకూడదు కూడా. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను: కొలత వేసి ఆక్రమణ అని తేలిన కంచెకు సంఘం అండ ఉండకూడదు. పెద్ద రైతుదైనా, మన మండల కమిటీ సభ్యుడిదైనా అంతే. కొలత వేయకుండా పీకిన కంచె ఎవరిదైనా, అది మనకు నచ్చని మనిషిదైనా, సంఘం అక్కడ ఉండాలి.

పంచాయతీలు కూడా పెద్ద రైతు కంచె దగ్గర ఆగి, ఎకరం లోపు వాడి కంచె దగ్గర ధైర్యం తెచ్చుకోవడం మానాలి. ఎదురుగా ఉన్న పక్కా గోడ జోలికి పోకుండా, రోడ్డు వంకర తిప్పి ఇటువైపు దడి తీసేయడం ప్రజా ప్రయోజనం కాదు. గోడ కంటే దడి తేలిగ్గా లేస్తుంది, అంతే.

కౌలు రైతు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. తోట యజమాని హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో ఉంటారు. ఒకవేళ పంచాయతీ నోటీసు ఇచ్చినా అది ఆయన పేరుతో, తాళం వేసిన ఇంటి తలుపుకు అంటిస్తారు. కంచె పోయి కంద, అరటి పాడైతే నష్టం కౌలు రైతుది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సీసీఆర్‌సీ కార్డు ఉంటే అతను సాగులో ఉన్నాడనడానికి అదే ఆధారం. కార్డు ఇవ్వడానికి యజమాని సంతకం పెట్టని చోట ఈ-క్రాప్ నమోదైనా చేయించుకోవాలి. నోటీసు సాగులో ఉన్న మనిషికి కూడా ఇవ్వాలని మనం అడగాలి.

పరిహారం గురించి అడిగితే నవ్వుతారు. 216 జాతీయ రహదారికో, కోటిపల్లి–నరసాపురం రైలు మార్గానికో భూమి తీసుకున్నప్పుడు కొబ్బరి చెట్లు లెక్కపెట్టి విలువ కట్టాల్సిందే. 2013 భూసేకరణ చట్టం చెట్లకు, మొక్కలకు విలువ కట్టేటప్పుడు ఉద్యానం తెలిసినవారి సాయం తీసుకోమని చెబుతుంది. ఢిల్లీ నుంచి వచ్చే రోడ్డుకు చెట్టుకు విలువ ఉంటుంది, ఊళ్లో వేసే రోడ్డుకు ఉండదా? పట్టా భూమిలోని కంచెను పొరపాటున తీసినా పంచాయతీ దాన్ని తిరిగి వేయించాలి, లేదా ఖరీదు కట్టివ్వాలి. హిమాచల్‌లో 1967 ప్రాంతంలో సేకరణ లేకుండా రోడ్డుకు భూమి తీసుకుంటే, ఆ వృద్ధురాలికి పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది. రాజ్యాంగంలోని 300ఎ అధికరణాన్నే చూపింది. యాభై ఏళ్లు ఆగకుండా మనం ఇప్పుడే కాగితం పెడదాం.

కాగితం అంటే ఏమిటో చెబుతాను. పని మొదలవుతుందని తెలిసిన వెంటనే పని అంచనా ప్రతి కోసం సమాచార హక్కు కింద అడగండి. రోడ్డు వెడల్పు ఎన్ని మీటర్లని రాశారో అందులో ఉంటుంది. ఆలస్యమవుతుందనుకుంటే గ్రామసభలో నోటితో అడిగి మినిట్స్‌లో రాయించండి. ఎఫ్‌ఎంబీ నకలు తీసుకోండి. హద్దు మీద సందేహం ఉంటే ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి, సర్వేయర్ వచ్చేదాకా ఆ ముక్క వదిలి మిగతా పని చేసుకోమని రాతపూర్వకంగా కోరండి. పని మొత్తం ఆపమని అడగవద్దు, ఊరంతా మీకు ఎదురు తిరుగుతుంది. కంచె ఇప్పటికే పోయి ఉంటే, చెత్త ఎత్తేయకముందే తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి. మొక్కల మొదళ్లు ఉన్నచోట గుంజలు పాతండి. పోయిన మొక్కలు, గుంజలు, గాయపడిన చెట్లు లెక్కపెట్టి ఇద్దరు పొరుగువారితో సంతకాలు చేయించండి. కార్యదర్శికి ఫిర్యాదు ఇచ్చి ముట్టినట్టు రసీదు తీసుకోండి. జవాబు లేకపోతే సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో జరిగే పరిష్కార వేదికలో ఇవ్వండి. కోర్టుకు వెళ్లాల్సి వస్తే మహిళా రైతులకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆపరేటరుతో మాత్రం తగువు పడకండి. అతను రోజు కూలికి వచ్చినవాడు.

గ్రామ కమిటీలకు ఒక ప్రతిపాదన. మీ ఊరి పుంతల జాబితా, ఎఫ్‌ఎంబీ వెడల్పులతో సహా, ఈ నెలలోనే రాసి సిద్ధం చేయండి. రెండు వైపుల రైతులను, పుంత చివరి పేట పెద్దలను పిలిచి సర్వేయర్ సమక్షంలో రాళ్లు వేయించమని పంచాయతీకి తీర్మానం పంపండి. ఏ సభ్యుడి కంచె ముందుకు వచ్చిందో అక్కడే తేలితే, మొక్క చావకుండా వానలు పడగానే వెనక్కి మార్చుకోవచ్చు. గ్లైరిసీడియా కొమ్మ తొలకరికి నాటితే ఇట్టే నాటుకుంటుంది.