లండన్ వాడలలో కొత్త గొంతులు

కవి ఎవరో తేల్చవలసినది ఎవరు అనే ప్రశ్న సాహిత్యమంత పాతది. పండితులని కొందరు, పాఠకులని కొందరు, కాలమని మరికొందరు అంటారు. తూర్పు లండన్‌లోని బో అనే పేటలోనూ, దాని ఇరుగుపొరుగు వాడలలోనూ, 2000 సంవత్సరం దాటిన తొలి రోజులలో పుట్టిన ఒక సంగీతం ఈ ప్రశ్నకు తనదైన జవాబు చెప్పినది. దాని పేరు గ్రైమ్. మసి, మురికి అని ఆ మాటకు అర్థం. పేరు వినగానే ముఖం చిట్లించేవారు ఉంటారు. పేరును చూచి సరుకు విలువ కట్టడం విమర్శకు తగిన పని కాదు.

గ్రైమ్‌లో గొంతు వినిపించేవాణ్ణి ఎం.సీ. అంటారు. అతడు పాడుతాడనడం కన్న చదువుతాడనడం న్యాయం. రాగం స్వల్పం, మాటే సర్వం. పక్కన డీజే రికార్డులు తిప్పుతూ ఉంటాడు. తాళం నిమిషానికి సుమారు 140 దెబ్బలు. నాలుగు దెబ్బలకు ఒక వరుస. ఎనిమిది వరుసలు చదివి మైకును పక్కవానికి అందించడం తరచు కనిపించే పద్ధతి. లెక్క కట్టి చూస్తే ఆ ఎనిమిది వరుసలకూ పట్టే కాలం 14 సెకండ్లకు మించదు. ఆ వ్యవధిలో ప్రాస కుదరవలె, ఊపిరి నిలవవలె, తన పేరు శ్రోత చెవిన పడవలె. ముందు చదివినవానికన్న ఒక మెట్టు పైన నిలవవలె. ఇదంతా ఆశువుగా వచ్చేదని భ్రమపడరాదు. ఎక్కువ భాగం ముందుగా రాసుకొని, వల్లె వేసి తెచ్చుకున్నదే. అయితే ఏ రికార్డు మీద, ఎవని తరువాత, ఏ వరుసలు విప్పవలెనో మాత్రం అప్పటికప్పుడే తేల్చుకోవలసి ఉంటుంది.

ఈ పరీక్షలు జరిగినది దొంగ రేడియోలలో. ఎత్తయిన ప్రభుత్వపు మేడల కప్పులమీద యాంటెనాలు కట్టి, ఏదో ఇరుకు గదిలో నుంచి అనుమతి లేకుండా ప్రసారం చేసేవారు. అధికారులు పరికరాలు పట్టుకుపోతే మళ్ళీ కొత్తవి కట్టేవారు. 1994లో ఇలా మొదలైన రిన్స్ ఎఫ్.ఎం.కు 2010లో గాని లైసెన్సు రాలేదు. వరుసలు నచ్చిన శ్రోతలు స్టూడియో ఫోనుకు మిస్డ్ కాల్ ఇచ్చేవారు. ఫోను అదే పనిగా మోగితే డీజే రికార్డును ఆపి, వెనక్కు తిప్పి, మొదటినుంచి వేయవలె, ఎం.సీ. ఆ వరుసలనే మళ్ళీ చదవవలె. మన పౌరాణిక నాటకాలలో పద్యం ముగియగానే హాలంతా ‘వన్స్ మోర్’ అని కేకలు వేయడం ఎరిగినవారికి దీనిని వివరించనక్కరలేదు. కానీ ఖర్చు కాని ఆ పిలుపే కొత్తవానికి యోగ్యతాపత్రం. ఎవరి కొడుకు, ఏ బడిలో చదివాడు అని అడిగే శ్రోత లేడు.

ఆ వడపోతలో నిలిచి బయటి లోకానికి మొదట తెలిసినవారిలో ముఖ్యుడు డిజ్జీ రాస్కల్. బడి తరువాత బడి అతణ్ణి బయటికి పంపినది. చివరి బడిలో సంగీతపు తరగతి ఒక్కటే అతనికి నిలిచినది. అక్కడి ఉపాధ్యాయుడు అతణ్ణి కంప్యూటరు ముందు కూర్చుండనిచ్చి, పని చేసుకోనిచ్చాడు. 2003లో అతని మొదటి ఆల్బమ్ ‘బాయ్ ఇన్ ద కార్నర్’ బ్రిటన్‌లో గౌరవప్రదమైన మెర్క్యురీ బహుమతి గెలిచేనాటికి అతనికి పందొమ్మిదేళ్ళు ఇంకా నిండలేదు. ఆ ఉపాధ్యాయుడు కవిని తయారు చేశాడని మేము అనము. ఒక గది తలుపు మూయకుండా ఉంచాడు. పాఠశాలల సంగతి తెలిసినవారికి అది ఎంత పనో తెలుసు.

గ్రైమ్‌కు ఆ బహుమతి మళ్ళీ రావడానికి 13 ఏళ్ళు పట్టినది; 2016లో స్కెప్టా అందుకున్నాడు. 2017లో స్టార్మ్‌జీ ఆల్బమ్ బ్రిటన్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరినది. గ్రైమ్‌లో అంతకు ముందు ఏ ఆల్బమూ అక్కడికి పోలేదు. మరుసటి ఏట అతడు కేంబ్రిడ్జిలో నల్లజాతి విద్యార్థులకు విద్యార్థివేతనాలు ఏర్పాటు చేశాడు. పతాకశీర్షికలకు ఈ విజయాలు చాలును. మేము చెప్పదలచినది వాటి చాటున జరిగిన నష్టాన్ని గురించి.

2005లో లండన్ పోలీసులు 696 నంబరు ఫారం ఒకటి ప్రవేశపెట్టారు. పోలీసులు కోరినచోట కార్యక్రమం జరుపదలచినవారు కళాకారుల పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు రాసి ఇవ్వవలె; ఏ రకం సంగీతమో చెప్పవలె. తొలి రోజులలో, వినవచ్చేవారు ఏ జాతివారని కూడా ఆ కాగితం అడిగినది. హింస భయం కల్పితమేమీ కాదు. 2003 వేసవిలో డిజ్జీయే సైప్రస్‌లో కత్తిపోట్ల పాలైనాడు. కాని నేరస్థుణ్ణి పట్టుకోవడం వేరు, ఒక తాళాన్ని అనుమానించడం వేరు. 2017 నవంబరులో ఫారం రద్దయినది. ఈ 12 ఏళ్ళలో పేరున్నవారు ఏదో ఒక దారి వెతుక్కున్నారు. జరగని కార్యక్రమంలో ఏ కుర్రవాడు తొలిసారి మైకు పట్టవలసి ఉండెనో ఏ రికార్డులోనూ ఉండదు. దీనికి తోడు 2010 తరువాత ప్రభుత్వ ఖర్చుల కోతలో ఆ నగరపు యువజన కేంద్రాలు అనేకం మూతపడినవి. చాలామంది ఎం.సీ.లు మైకు పట్టడం నేర్చినది అక్కడే.

భాష సంగతి వేరే చెప్పవలె. కరీబియన్ దీవులనుంచి, ఆఫ్రికానుంచి వచ్చిన కుటుంబాల నుడి, తూర్పు లండన్ పాత నుడి కలిసిపోయిన ఇంగ్లీషు ఇది. 2013లో దక్షిణ లండన్‌లోని ఒక పాఠశాల ఇటువంటి మాటలు కొన్నింటిని తన ఆవరణలో నిషేధించినది. గిడుగువారి పోరాటం ఎరిగిన మనకు ఈ కథ కొత్త కాదు. అయినా ఆ నుడి ఆగలేదు సరికదా, ఇతర ఊళ్ళకు కూడా ధైర్యమిచ్చినది. మాంచెస్టరులో బగ్జీ మలోన్, బర్మింగ్‌హామ్ ప్రాంతంలో లేడీ లెషర్ లండన్ యాసను అరువు తెచ్చుకోక తమ ఊరి యాసలోనే చదివి పేరు తెచ్చుకున్నారు. మగవారే ఎక్కువగా ఉన్న ఈ రంగంలో లెషర్ గెలుపు రెండింతలనవలె.

మాట బలం తెలిసినవారందరికీ దాని బాధ్యత తెలియదన్నదీ దాచవలసిన పని లేదు. గ్రైమ్‌కు రూపమిచ్చినవారిలో అగ్రగణ్యుడైన వైలీ 2020లో యూదులపై ద్వేషపు రాతలు రాశాడు. 2018లో వచ్చిన రాజగౌరవాన్ని 2024లో పోగొట్టుకున్నాడు.

దశాబ్దం క్రిందటినుంచి లండన్ కుర్రవారిలో చాలామంది డ్రిల్ అనే మరో రకపు సంగీతం వైపు మళ్ళారు. గ్రైమ్ పని అయిపోయినదనే మాట అందువల్లనే వినవస్తున్నది. మేము అంత తొందరపడము. కొత్త ఎం.సీ.లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. రేడియో గది చాలామందికి లేదు, చేతిలో ఫోను ఉన్నది. అందులో తన వరుసలను ఒంటరిగా చిత్రించుకొనే కుర్రవానికి ఎందరు చూచినదీ అంకెలలో తెలుస్తుంది. 14 సెకండ్లు ముగియగానే మైకు అందుకొని తనను మించి చదివేవాడు మాత్రం ఆ గదిలో ఉండడు.