"చెకింగ్ ఫ్రీ" బోర్డు కనబడితే పారిపోండి

ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ తిట్లు తినేది మెకానిక్కులు కాదు, మనమే. అంటే నెలాఖరుకి జీతం పడగానే ఈఎమ్ఐలు కట్టుకునే సాఫ్ట్‌వేర్ జనాభా మొత్తం, నాతో కలిపి. "మెకానిక్కులంతా దొంగలండీ" అనే పాత పాట అందుకుందామని వచ్చినవాళ్ళకి నిరాశ తప్పదు.

విషయమేంటంటే, మా నాన్నగారి దగ్గర 2003లో కొన్న పెట్రోలు కారొకటుంది. పదిహేనేళ్ళు నిండాక ఒకసారి, ఆ తరవాత ఐదేళ్ళకి ఇంకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకుని మరీ వాడుతున్నారు. అమ్మేద్దాం నాన్నా అంటే "నిన్ను ఇంజనీరింగు కాలేజీలో దింపిన కారురా అది" అని నోరు మూయిస్తారు. కిందటేడాది దానికో జబ్బు పట్టుకుంది. నలభైలో నిలకడగా పోతుంటే ఎవరో వెనకనుంచి చొక్కా పట్టి లాగినట్టు జెర్కులు. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఒక్కోసారి ఇంజనే ఆగిపోతుంది. గట్టిగా తొక్కితే మాత్రం శుభ్రంగా పరిగెడుతుంది. చెక్ ఇంజన్ లైటు వెలగదు.

హైదరాబాదు తెచ్చి ఒక పెద్ద వర్క్‌షాపులో చూపించా. గేటు మీదే బోర్డు: "చెకింగ్ ఫ్రీ". మొదటిసారి స్పార్క్ ప్లగ్గులు మార్చారు. రెండోసారి పెట్రోలు ఫిల్టరు. మూడోసారి ఇగ్నిషన్ కాయిల్. నాలుగోసారి "ఈసీయూ పోయినట్టుంది సార్, మార్చి చూద్దాం" అన్నారు. అప్పటికి పద్నాలుగు వేలు వదిలాయి. మీటరు పట్టుకున్న మనిషిని మాత్రం ఒక్కసారీ చూళ్ళేదు. ఈలోపు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో తీర్పు కూడా వచ్చేసింది, "పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు కదా, అందుకే" అని. ఇప్పుడు ఏ బండికి ఏ రోగమొచ్చినా అదేగా కారణం!

మొన్న సంక్రాంతి సెలవుల్లో అదే కారులో అమ్మానాన్నల్ని తీసుకుని ఖమ్మం నుంచి బయల్దేరా. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం, అక్కడ దర్శనం, ఆపైన కూనవరంలో మా పిన్ని వాళ్ళిల్లు. ఆ దారి తెలియనివాళ్ళకోసం చెప్తున్నా, భద్రాచలం తెలంగాణలో ఉంది, ఊరు దాటగానే వచ్చే ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2014లో ఆ మండలాలు అటు కలిపేశారు. అక్కణ్ణుంచి అడవి, మధ్యమధ్య పల్లెలు. పొద్దు గూకితే రోడ్డు మీద బండ్లు పలచబడతాయి, ఫోన్లో సిగ్నలూ పలచబడుతుంది.

నెల్లిపాక దాటాక బండి మూడుసార్లు ఆగింది. మూడోసారి మలుపులో. వెనక లోడు లారీ. అతను పక్కకి కోసుకుపోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఇవాళ ఇది రాయడానికి నేనుండేవాణ్ణి కాదు. వెనక సీట్లో అమ్మ ఏమీ అనలేదు. ఆ మౌనం నాకిప్పటికీ గుర్తుంది.

కాస్త ముందుకెళ్ళాక ఊరి మొదట్లో రేకుల షెడ్డు ఒకటి కనబడింది. ఆటోలు, ట్రాక్టర్లు, బైకులు, అన్నీ చేస్తాడట. ఆ మేస్త్రి బానెట్ ఎత్తకముందు ప్రశ్నలడిగాడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? కొంచెం తొక్కినప్పుడా, మొత్తం తొక్కినప్పుడా? ఎత్తుమీద లాగుతోందా? తరవాత పగిలిన చోట టేపు చుట్టిన ఒక ముల్లు మల్టీమీటరు తీశాడు. థ్రాటిల్ బాడీ పక్కనున్న సెన్సరు కనెక్టరు వెనకనుంచి సన్నటి పిన్నులు గుచ్చి, ఇగ్నిషన్ ఆన్ చేయమన్నాడు. ఇంజను స్టార్ట్ చేయలేదు.

మూడు వైర్లు. ఒకదాంట్లో ఐదు వోల్టులు వస్తున్నాయా, వస్తున్నాయి. ఒకటి ఎర్తు, బాగానే ఉంది. మూడోది సిగ్నలు. థ్రాటిల్ మూసి ఉంటే 0.6 వోల్టు. చేత్తో మెల్లిగా, బాగా మెల్లిగా తెరవడం మొదలెట్టాడు. ముల్లు నెమ్మదిగా లేస్తోంది... లేస్తూ లేస్తూ ఒక్కచోట టక్కున కిందపడి మళ్ళీ లేచింది. ఇంకోసారి చేశాడు. అదే చోట. కనెక్టరు ఊపి చూశాడు, వైరులో తేడా లేదు. "ఇదీ సార్ మీ జబ్బు" అన్నాడు.

థ్రాటిల్ పొజిషన్ సెన్సరు. మన కాలేజీ ల్యాబులో చూసిన పొటెన్షియోమీటరే. లోపలొక కార్బన్ పట్టీ, దానిమీద రాసుకుంటూ తిరిగే ఒక ముల్లు. పాత రేడియో వాల్యూం తిప్పితే ఒక చోట గరగరమనేది గుర్తుందా? అచ్చం అదే. మనం బండి ఎక్కువసేపు నడిపేది కొంచెం తొక్కి ఉంచి కాబట్టి పట్టీ అక్కడే అరుగుతుంది. అరిగిన చోటికి ముల్లు రాగానే వోల్టేజి పడిపోతుంది. ఈసీయూ పాపం ఏమనుకుంటుంది? డ్రైవరు కాలు తీశాడనుకుని పెట్రోలు తగ్గిస్తుంది. మరుక్షణం మళ్ళీ పెంచుతుంది. మనకి జెర్కు.

మరి లైటు ఎందుకు వెలగలేదు? వోల్టేజి హద్దు దాటి కాసేపు అలాగే ఉంటేనే ఈసీయూ దాన్ని తప్పు కింద లెక్కేస్తుంది. హద్దుల్లోనే ఉంటూ అబద్ధం చెప్తే పట్టుకోలేదు. ఎర్రర్ కోడ్ రాలేదు కాబట్టి బగ్ లేదు అనే మేనేజర్ని చూసి నవ్వుకుంటాం కదా మనం. కారు దగ్గరికొచ్చేసరికి ఆ మేనేజరు మనమే.

సరే, అతని దగ్గర ఆ పార్టు లేదు. కనెక్టరు పీకేశాడు. లైటు వెలిగింది. అప్పుడు ఈసీయూ ఆ సెన్సర్ని నమ్మడం మానేసి తన దగ్గరున్న ఒక అంచనా విలువతో నడుపుతుంది. బండి మందంగానే నడిచింది గానీ జెర్కు లేదు, ఆగడం లేదు. అన్ని పాత కార్లూ ఇలా నడవవు, మాది నడిచింది. రోగం అదేనని రుజువు కూడా అయ్యింది. ముప్పావుగంట పని.

ఎంత అన్నా. ఐదొందలు అన్నాడు.

ఇక్కడ నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. "ఏమీ మార్చలేదు కదా, ఐదొందలేంటి? రెండొందలు తీసుకో" అన్నా. అతను గొడవ పెట్టుకోలేదు. మీటరు వైర్లు చుట్టుకుంటూ ఒక్క మాటన్నాడు, "మార్చుంటే ఇచ్చేవాళ్ళేగా సార్".

నిజం. ఇచ్చేవాణ్ణి. పద్నాలుగు వేలు ఇచ్చి వచ్చాను కూడా, రోగంతో సంబంధం లేని మూడు పార్టులకి. అవి చేతికి కనబడతాయి కదా! డబ్బాలో పెట్టి పాతవి చూపిస్తారు, బిల్లిస్తారు. కనిపెట్టడం మాత్రం చేతికి కనబడదు.

ఇప్పుడు చెప్పండి, మనకి జీతమెందుకిస్తున్నారు? ఏం పార్టులు అమ్ముతున్నాం మనం? రెండ్రోజులు లాగులు తవ్వి చివరికి ఒక్క లైను మారుస్తాం. "ఒక్క లైనుకి రెండ్రోజులా" అని క్లయింటు అంటే మన ఒళ్ళు మండదూ? ఏ లైనో కనిపెట్టడమే పని అని టీ బ్రేకులో ఉపన్యాసాలు దంచుతాం. అదే మనిషి రేకుల షెడ్డు ముందు నిలబడి ముప్పావుగంట తెలివికి రెండొందలు ఖరీదు కడతాడు.

దీని ఫలితమే "చెకింగ్ ఫ్రీ". రోగం కనిపెట్టినందుకు ఎవడూ డబ్బివ్వనప్పుడు, కనిపెట్టేవాడు బతకాలంటే ఏదో ఒకటి అమ్మాలి. రోగం అరిగిన సెన్సరైతే ఒక పార్టు. రోగం తెలియకపోతే నాలుగు పార్టులు. తెలియకపోవడమే లాభమైనచోట మీటరు కొనేదెవరు? అంచనా మీద పార్టులు మార్చడం మెకానిక్కుల దొంగబుద్ధి కాదు, మనం పెట్టిన రేటు కార్డు.

"మరి చెకింగ్‌కి డబ్బు తీసుకుని కూడా మోసం చేస్తే?" అంటారా. చేయొచ్చు. అందుకే పార్టు పేరు అడక్కండి, రీడింగు అడగండి. "సెన్సరు పోయింది" అనేది అభిప్రాయం. "మూసి ఉంటే 0.6, తెరుస్తుంటే ఫలానా చోట సున్నా దగ్గరికి పడుతోంది" అనేది సాక్ష్యం. దాన్ని ఇంకో షెడ్డులో పది నిమిషాల్లో సరిచూసుకోవచ్చు. రీడింగు చెప్పలేనివాడికి పార్టు మార్చే హక్కు లేదు. రీడింగు చెప్పినవాడికి ఏమీ మార్చకపోయినా డబ్బివ్వాలి.

ఇందులో కంపెనీల పాపం లేదా అంటే, బోలెడుంది. స్పేర్లు, డయాగ్నస్టిక్ పరికరాలు, రిపేరు మాన్యువళ్ళు బయటి మెకానిక్కులకి దొరక్కుండా చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి 2,544.65 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు ఊరుకుంటాయా, అప్పీళ్ళకి వెళ్ళాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసి, పోర్టల్ కూడా తెరిచింది. కార్లు కూడా అందులో ఉన్నాయి. మంచిదే. కానీ రేపు మాన్యువల్ చేతికొచ్చినా, దాన్ని చదివి కొలిచే గంటకి మనం పైసా ఇవ్వకపోతే ఆ మేస్త్రికి ఒరిగేదేముంది?

తరవాత కథ చిన్నదే. ఖమ్మంలో సెన్సరు దొరికింది, పద్దెనిమిది వందలు. నేనే మార్చా. చేసేవాళ్ళకి పనికొస్తాయని నాలుగు ముక్కలు. ముందు థ్రాటిల్ బాడీలో మసి, గాలి లీకులు చూసుకోండి, అవి కూడా ఇలాంటి వేషాలే వేస్తాయి. ఇగ్నిషన్ ఆపి బ్యాటరీ నెగిటివ్ తీయండి. పాత సెన్సరు కూర్చున్న చోట గీత పెట్టుకోండి. జపాన్ డిజైను బండ్ల స్క్రూలు ప్లస్ గుర్తులా కనబడతాయి గానీ మామూలు స్క్రూడ్రైవరుతో తల అరిగిపోతుంది, సరైనది వాడండి. షాఫ్టు కొస సెన్సరు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోండి. పొడుగు రంధ్రాలున్న రకమైతే, బ్యాటరీ తగిలించి ఇగ్నిషన్ ఆన్ చేసి, మూసి ఉన్నప్పటి వోల్టేజి మాన్యువల్లో చెప్పినంత వచ్చేలా జరిపి బిగించండి. చివరిగా కొత్తదాన్ని కూడా మొదటినుంచి చివరిదాకా మెల్లిగా తిప్పి కొలవండి. డబ్బా కొత్తదైనంత మాత్రాన లోపలిది మంచిదని కాదు. పెడల్‌కి కేబులు లేని కొత్త ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బండ్లలో మాత్రం వేలు పెట్టకండి, ఆ లెక్క వేరు.

ఇప్పుడు కారు నలభైలో నూనెలా పోతోంది. నాన్న మొహంలో "చెప్పానా" అన్న నవ్వు.

కూనవరం చేరిన రాత్రే యూపీఐ హిస్టరీ వెతికి ఆ మేస్త్రికి మిగతా మూడొందలు పంపించా. దానికి నన్నేం మెచ్చుకోనక్కర్లేదు. అడిగినప్పుడు ఇవ్వాల్సిన డబ్బది, చాటుగా పంపాల్సింది కాదు. పైగా ఆ మలుపులో లారీ డ్రైవరు ఒక్క క్షణం ఆలస్యం చేసుంటే, ఆ పద్నాలుగు వేల బిల్లులు చూపించి ఎవరిని అడిగేవాణ్ణి?

ఈసారి మీ బండి మొరాయిస్తే "ఏం మార్చాలి?" అని అడక్కండి. "ఏం కొలిచావు? కొలిచినందుకు ఎంత?" అనడగండి. అడిగినంత ఇవ్వండి. ఇవ్వలేకపోతే రేపు ఆఫీసులో "ఒక్క లైనేగా" అన్నవాడి మీద కోప్పడే హక్కు కూడా వదులుకోండి.